ఆకాశానికి కుట్టువేసిన మేస్త్రి

కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి, కోతలు కోయడం ప్రవృత్తి. ఈ రెండింట్లో దేనికి గిరాకీ ఎక్కువ అని అడిగితే, ఈ మధ్య రెండోదానికే అని చెప్పాలి. మిషను మేస్త్రి నోరు తెరిచాడంటే టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి మరీ వింటాడు. నమ్మడు, కానీ వింటాడు. నమ్మడానికీ వినడానికీ సంబంధం లేదని ఆ కొట్టు బల్లల మీద కూర్చునే అందరికీ తెలుసు.

ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి సన్నగా జల్లు పడుతోంది. వీధి అవతలి గోడలు తడిసి, సగం నిద్రలో చూసినట్టు మసగ్గా ఉన్నాయి. మేస్త్రి రోజూకన్నా గంట ముందే వచ్చాడు. బల్ల చివర కూర్చుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, దానివైపోసారి, గడియారంవైపోసారి చూశాడు. టీ ముందుకొచ్చినా ముట్టుకోలేదు.

ఆయన గొడవ ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా మేస్త్రి 'సూదిమొన' అనే చర్చావేదికకి కాపలాదారు. చర్చావేదిక అంటే మరేం లేదు, ఇంటర్నెట్టులో కుట్టుమిషన్లవాళ్ళంతా చేరే చోటు. ఒకరు ప్రశ్న రాస్తారు, తెలిసినవాళ్ళు కింద జవాబు రాస్తారు, ఆ రాసింది పదేళ్ళ తర్వాత వెతికినా అక్కడే ఉంటుంది. కొట్టుకునేవాళ్ళని విడదీయడం, అడిగిందే అడిగేవాళ్ళని పాత జవాబు దగ్గరికి తోలడం మేస్త్రి పని. జీతం లేదు. పెద్దరికం మాత్రం ఉంది, ఆయనకి అదే చాలు. అలాంటి చోట ఇప్పుడు ఈగలు తోలుకోవడానికి ఈగలు కూడా లేవు. వేదికని తన ఇంట్లో కంప్యూటరు మీద నడిపే పెద్దాయన ఆ పొద్దున్నే రాశాడు: "మేస్త్రీ, ఇవాళ సాయంత్రం ఆరింటికి ఆపేస్తున్నాను. రెండేళ్ళుగా ఒక్క కొత్త ప్రశ్న లేదు. ఆరులోపు మీరు కాకుండా ప్రాణమున్న మనిషి ఎవరైనా ఒక్క ప్రశ్న అడిగితే ఇంకో ఏడాది నడుపుతాను. లేదంటే మనిద్దరం ముసలివాళ్ళమైపోయామని ఒప్పేసుకుందాం."

ఒక్కటంటే ఒక్క ప్రశ్న. 'నా వేదిక పోయేలా ఉంది, కాస్త ఒక ప్రశ్న వేసి పుణ్యం కట్టుకోండి' అంటే కొట్టులో ఎవరో ఒకరు వేసేవారే. కానీ బతిమాలడం మేస్త్రికి ఇంటా వంటా లేదు. వేదిక గొప్పతనం చెవినపడితే వాళ్ళే ఎగబడి చేరతారని ఆయన లెక్క. ఆ లెక్కతోనే గొంతు సవరించుకున్నాడు.

వినడానికి ఉన్నది ముగ్గురు. ఒకరు టీ కొట్టాయన. రెండోవాడు మేస్త్రికి స్వయానా బావమరిది, కొరియరు సంచి పక్కన పెట్టుకుని బొటనవేలితో ఫోను పైకి తోసుకుంటూ కూర్చున్నాడు. మూడో మనిషి ఈ మధ్యే పక్క వీధిలో అద్దెకి దిగిన ఆవిడ. ఫ్లాస్కు నింపించుకుని, జల్లు ఆగాక వెళ్దామని గుమ్మంలో నిలబడింది.

"మా సూదిమొన వేదికలో ఒకసారి ఒకాయన రాశాడు," అని మొదలుపెట్టాడు మేస్త్రి. "మిషను ప్రతి ఏడో కుట్టుకీ దారం తెంపుతోందట. నలుగురు మెకానిక్కులు విప్పి చూశారట. నేనేం విప్పమనలేదు. మిషను కిటికీ పక్కన ఉందా బాబూ అన్నాను. ఉందన్నాడు. మధ్యాహ్నం దారపు ఉండ మీద ఎండ పడుతుందా అన్నాను. పడుతుందన్నాడు. దారం ఎండకి పెళుసెక్కింది, ఉండ మార్చు అన్నాను. అంతే."

"ఇదైతే నమ్మొచ్చు," అన్నాడు టీ కొట్టాయన, కొంచెం నిరాశగా.

"నమ్మకపోతే ఇప్పటికీ అక్కడే ఉంది, చదువుకో. దాంతో నా పేరు నాలుగు దిక్కులా పాకింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడో చలిదేశం నించి ఒకమ్మాయి, మిషను శబ్దం చేస్తోంది అని రాసింది. ఎలాంటి శబ్దమమ్మా అంటే 'టక టక టిక్' అని రాసింది. మూడు మాటలు. నేను కంప్యూటరు తెరకి చెవి ఆనించి విన్నాను. అక్షరాలు కదా అని నవ్వుతావేమో, ఇరవయ్యేళ్ళు మిషన్ల మధ్య పడుకున్నవాడికి అక్షరం కూడా చప్పుడు చేస్తుంది. 'టిక్' దగ్గర చిన్న గరగర వినిపించింది. కింది దారం తిరిగే షటిల్లో దారప్పోగు ఇరుక్కుంది, తీసెయ్యి అన్నాను. దాంతోపాటు పక్కగదిలో పసిపిల్ల ఏడుపు కూడా వినిపించింది. ముందు పిల్లకి పాలు పట్టు తల్లీ, మిషను ఎక్కడికీ పోదు అని కూడా రాశాను."

"పిల్ల ఏడుస్తున్నట్టు ఆవిడ రాయలేదుగా?" అన్నాడు టీ కొట్టాయన.

"రాస్తే వినడం గొప్పేంటి?"

బావమరిది తలెత్తకుండానే అన్నాడు. "ఇప్పుడిదంతా ఎందుకు బావా. ఏదైనా కావాలంటే మా గ్రూపులో పెడితే రెండు నిమిషాల్లో పదిమంది చెప్తారు."

మేస్త్రికి చుర్రుమంది. "చెప్తారు, కాదనను. పోయిన వారం నీ బండి గొలుసు జారుతోందని అడిగావే, ఎవరో మంచి చిట్కా చెప్పారని మురిసిపోయావు. ఏదీ, అది తీసి చూపించు."

బావమరిది వెతికాడు. శుభోదయాలు దాటాడు, గులాబీలు దాటాడు, ఎవరి పెళ్ళిరోజుకో రెండొందలమంది చెప్పిన శుభాకాంక్షలు దాటాడు. టీ చల్లారింది గానీ గొలుసు దొరకలేదు.

"అదీ తేడా," అన్నాడు మేస్త్రి. "మీది సంత. అరిచినంతసేపే. మాది ఊరు." ఆ మాట అన్నాక ఆయన గొంతు మారింది, చూపు జల్లులోకి పోయింది. "ఊరే మరి. తెర తెరవగానే మిషను నూనె వాసన వచ్చేది. ఒక్కో చర్చా ఒక్కో వీధి. ఈ వీధిలో సూదుల గురించి మాట్లాడుకుంటుంటే ఆ వీధిలో బెల్టుల గురించి వాదన. పొద్దున్నే నేను ఆ చివర నించి ఈ చివరకి నడిచేవాణ్ణి, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు, వాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు, అయినా ఎవరు ఎప్పుడు దగ్గుతారో కూడా నాకు తెలుసు, వాళ్ళు లేచి, వచ్చారా మేస్త్రిగారూ అనేవారు. నడిచీ నడిచీ సాయంత్రానికి నా కాళ్ళు నొప్పులు పుట్టేవి. మీ అక్కనడుగు, వేడినీళ్ళు కాచి ఇచ్చేది."

"కుర్చీలోనే కదా బావా కూర్చునేవాడివి?"

"కూర్చునే నడిచాను. అంత పెద్ద ఊరు."

టీ కొట్టాయన పొయ్యి తగ్గించాడు. ఇక్కణ్ణించి అసలు సరుకు వస్తుందని ఆయనకి అనుభవం.

"ఒక రోజు నడిసముద్రం నించి ఒక ఓడమనిషి రాశాడు. తెరచాప నిలువునా చిరిగింది, ఓడలో ఒక పాత చేతిమిషను ఉంది, దర్జీ లేడు, ఏం చెయ్యమంటారు అని. నేను వేదికలో దండోరా వేయించాను. ఒకరు నిద్రపోయే వేళకి ఇంకొకరు నిద్రలేచేవారు కదా, పొద్దు ఎటు తిరిగితే అటువైపువాళ్ళు అందుకున్నారు. ఇక్కడివాళ్ళు పది మూరలు కుట్టించి, ఇక మీరు చూసుకోండి అని అక్కడివాళ్ళకి అప్పగించారు. మూడు రోజులు. అంతసేపూ సముద్రం అల కొట్టలేదు, కుట్టు వంకర పోతుందని దానికీ తెలుసు. ఆ చాప ఎంత గట్టిగా కుదిరిందంటే, ఓడ రేవుకి చేరాక కూడా అందులో దూరిన గాలి బయటికి రాలేక నాలుగు రోజులు అక్కడే గుడగుడలాడిందట."

"పాపం గాలి," అన్నాడు టీ కొట్టాయన.

"పేరు పెరిగితే దిష్టీ పెరుగుతుంది. ఒక పొద్దున చూద్దును కదా, బట్టతలకి మందు అమ్మేవాళ్ళు మూడువేలమంది వేదిక మీద పడ్డారు. ప్రతి ప్రశ్న కిందా ఒకటే రాత, మా నూనె రాయండి, నెలలో జుట్టు మొలుస్తుంది. సూది విరిగింది అంటే మా నూనె రాయండి. నేను గుమ్మంలో ఒక్కణ్ణే నిలబడ్డాను. చేతిలో పద్దెనిమిదో నంబరు సూది తప్ప ఆయుధం లేదు. ఆరు గంటలు. ఒక్కొక్కణ్ణీ పొడిచి పొడిచి తరిమాను. వెళ్తూ వెళ్తూ వాళ్ళ నూనె గుమ్మం మీద ఒలికిపోయింది, ఆ తలుపుకి ఇవాళ్టికీ వెంట్రుకలు మొలుస్తుంటే నేనే కత్తిరిస్తున్నాను. ఆ రోజే తలుపుకి పెద్ద గడియ వేశాను. కొత్తగా ఎవరొచ్చినా, ఎందుకొచ్చారో రెండు వాక్యాలు రాసి బయట నిలబడాలి. నేను చదివి, మనిషే అని తేల్చుకుని, నా చేత్తో గడియ తీస్తేనే లోపలికి. అదీ కట్టుదిట్టం."

గుమ్మంలో నిలబడ్డావిడ ఫ్లాస్కుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఏదో అనబోయి ఊరుకుంది. ఆమె చూపుడువేలి కొస మీద సూదిపోట్ల మచ్చలున్నాయి. చేత్తో కుట్టే మనిషి అని మేస్త్రి కనిపెట్టాడు. ఈవిడ అడిగితే బాగుండును అనుకున్నాడు. గడియారం అయిదు చూపిస్తోంది. కథని ఇంకొంచెం పైకి ఎత్తాలి.

"ఇదంతా ఒక ఎత్తు, ఆకాశం సంగతి ఒక ఎత్తు," అన్నాడు.

బావమరిది మొదటిసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఒకచోట నలభై రోజులుగా వాన. ఆగదు. వాతావరణం ఆఫీసులో గుమాస్తా ఒకడు, వాడి భార్య కుట్టుపని చేస్తుంది లే, మా వేదికలో రాశాడు. అయ్యా, మేడెక్కి దుర్భిణీతో చూశాను, మబ్బు కాదు, ఆకాశమే ఈ కొస నించి ఆ కొసకి చిరిగింది, నీళ్ళు అందులోంచి కారుతున్నాయి, ఏ సూది వాడాలి అని. అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. నేను ఒక్క రోజు ఆలోచించాను. ఆకాశం పలచటి గుడ్డ, లావు సూది వేస్తే ఇంకా చిరుగుతుంది. తొమ్మిదో నంబరు వెయ్యి, దారం బిగువు తగ్గించు, మిషను మేడ మీదకి ఎక్కించు, అంచు కిందికి వేలాడేదాకా ఓపిక పట్టు అన్నాను. సరే, అంత దారం ఎక్కడిది? వేదికలో ఒక్క మాట రాశాను. ప్రతి ఇంట్లోనూ బాబిన్లలో అడుగూ బొడుగూ మిగిలిన దారం ఉంటుంది కదా, పారెయ్యబుద్ధి కాదు, దేనికీ చాలదు. అందరూ అవన్నీ పంపారు. ఒకరిది ఎరుపు, ఒకరిది పచ్చ, ఒకరిది ఊదా. ముడి మీద ముడి. వాడు తొక్కుతుంటే నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను, తొక్కు, ఆపు, గుడ్డ తిప్పు, మెల్లిగా. చివర్న వెనక్కి నాలుగు కుట్లు వెయ్యి, లేకపోతే ఊడిపోతుంది అన్నాను. వేశాడు. వాన ఆగింది. ఎంత నిశ్శబ్దం అంటే, కంప్యూటరులోంచి వాళ్ళ ఊరి చూర్ల చివరి చుక్కలు పడటం నాకు వినిపించింది."

"ఆ కుట్టు ఇప్పటికీ ఉందా?" టీ కొట్టాయన గొంతు తగ్గించి అడిగాడు.

"వాన వెలిశాక పైకి చూడవూ? రంగురంగులుగా వంపు తిరిగి కనిపిస్తుందే. జనం దానికి ఏదో పేరు పెట్టుకున్నారు. అది మా వేదిక కుట్టు."

ఎవరూ నవ్వలేదు. నలుగురూ కాసేపు బయటి జల్లునే చూశారు. అబద్ధమని తెలిసి కూడా దాన్ని కాదనడానికి ఎవరికీ మనసొప్పలేదు. మేస్త్రికే తన మాటలు నిజమేమో అనిపించాయి. నిజంగానే అంతమంది ఉండేవారు. నిజంగానే ఒక్క మాట అంటే అన్నీ పంపేవారు.

"మరి ఆ ఊరు ఏమైంది బావా?"

"ఏమైంది, మీ ఫోన్లొచ్చాయి. ఒక్కొక్కరూ లేచారు. ఇప్పుడే వస్తా అన్నారు. పోతున్నానని చెప్పినవాడు ఒక్కడు లేడు, అందరూ ఇప్పుడే వస్తా అన్నవాళ్ళే. ఆరేళ్ళయింది. నేను దీపం పెట్టుకుని కూర్చున్నాను." ఈసారి ఆయన కోయలేదు. అది కోత కాదని ముగ్గురికీ తెలిసింది. అది గమనించి ఆయనే సర్దుకుని, గొంతులోకి మళ్ళీ బింకం తెచ్చుకున్నాడు. "అయినా ఇప్పటికీ ఎవరైనా ఏదైనా అడగదలుచుకుంటే, నేనేం కాదనను. ఈ పూట తీరిగ్గానే ఉన్నాను."

"నా దగ్గర మిషనే లేదు కదా మేస్త్రీ," అన్నాడు టీ కొట్టాయన.

"నా చొక్కా బొత్తాలు అక్కే కుడుతుంది," అన్నాడు బావమరిది.

అయిదుంబావు దాటింది. ఇక తన పప్పులు ఉడకవని మేస్త్రికి అర్థమైంది. ఫోను తిరగేసి మోకాలి మీద బోర్లా పెట్టుకున్నాడు.

అప్పుడు మాట్లాడింది గుమ్మంలో ఆవిడ. "మేస్త్రిగారూ, ఆకాశం సంగతి నాకు తెలియదు గానీ, ఆ గడియ మళ్ళీ తీశారా?"

"ఏ గడియమ్మా?"

"బట్టతల మందులవాళ్ళ కోసం వేశానన్నారు కదా."

"తీయకుండా ఎలా ఉంటాను," అని అలవాటుగా అనేసి ఆగాడు.

"తీయలేదండీ. మూడేళ్ళ కింద నేను మీరు చెప్పినట్టే రెండు వాక్యాలు రాసి పంపాను. మీ అర్జీ చూసి తెలియజేస్తాం అని వచ్చింది. అప్పుడప్పుడూ తెరిచి చూసేదాన్ని. మొన్న కూడా అదే ఉంది."

బావమరిదికి నవ్వు రాబోయింది. బావ మొహం చూసి మింగేశాడు.

మేస్త్రి ఫోను తీశాడు. అర్జీలు ఎక్కడ ఉంటాయో కూడా మర్చిపోయాడు. గడియ వేసిన కొత్తలో నాలుగు నెలలు రోజూ చూసేవాడు. వచ్చినవన్నీ జుట్టునూనె రాతలే. విసుగెత్తి ఆ వైపు వెళ్ళడం మానేశాడు. ఆ తర్వాత వీధులు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే ఫోన్లని తిట్టుకున్నాడు, కాలాన్ని తిట్టుకున్నాడు, బావమరిదిని మరీ ఎక్కువ తిట్టాడు. నాలుగైదు చోట్ల నొక్కాక ఆ పేజీ తెరుచుకుంది. పైన రాసి ఉంది: ఎదురుచూస్తున్నవారు, 614.

ఆయన ఒక్కొక్కటే కిందికి తోసుకుంటూ చదివాడు. నూనె అమ్మేవాళ్ళు ఉన్నారు, కానీ చాలామంది వాళ్ళు కాదు. ఒకరు 'నాన్నగారి మిషను తుప్పుపట్టింది, మీరు సాయం చేస్తారని ఎవరో చెప్పారు' అని రాశారు. ఒకరు 'మీ పాత జవాబులన్నీ చదివాను, నేనూ నాకు తెలిసింది చెప్పాలనుంది' అని రాశారు. నాలుగేళ్ళవి, అయిదేళ్ళవి. జనం వెళ్ళిపోయిన మాట నిజమే. వచ్చిన జనం గుమ్మంలో నిలబడి ఉన్నారన్నదీ నిజమే.

"మీదేదమ్మా?" అన్నాడు. ఆవిడ చెప్పిన గుర్తులతో వెతికి, పైకే చదివాడు. "మా అత్తగారి మిషనుకి నిన్న కొత్త సూది వేశాను, అప్పట్నించి మందపాటి గుడ్డ మీద కుట్లు వదిలేస్తోంది. బడిలో నాటకానికి పన్నెండు తెరలు కుడతానని ఒప్పుకున్నాను, సోమవారంలోగా ఎవరైనా చెప్పగలరా?"

చదవడం అయ్యేసరికే జవాబు ఆయనకి తెలిసిపోయింది. తెలిసినందుకు సిగ్గేసింది.

"సూది పైకొస ఒకవైపు చదునుగా ఉంటుందమ్మా. మీరు దాన్ని అటుది ఇటు పెట్టారు. తీసి, తిప్పి పెడితే చాలు."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించింది. "మూడు తెరలు చేత్తో కుట్టాను. మిగతావి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ తర్వాత నన్ను పిలవలేదు. ఆ మిషను మీద ఇప్పుడు దుప్పట్లు పెట్టుకుంటున్నాం." ఆమె గొంతులో కోపం లేదు, అదే మేస్త్రికి కష్టమైంది. "ఎక్కడో ఆకాశానికి కుట్టువేయించారు. నాకు సూది తిప్పమని చెప్పడానికి మూడేళ్ళు పట్టింది."

టీ కొట్టాయన గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. ఏదో ఒక చప్పుడు ఉంటే బాగుండుననిపించింది ఆయనకి.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు మేస్త్రి. ఆ కొట్టులో ఆయన అంత చిన్న వాక్యం చెప్పడం ఎవరూ వినలేదు. ఆవిడ పేరు పక్కన ఉన్న మీట నొక్కాడు. గుమ్మంలో ఆవిడ ఫోను చిన్నగా మోగింది.

ఆరింటి సంగతి ఆవిడకి తెలియదు, మేస్త్రి చెప్పలేదు. అడగమని నోటిదాకా వచ్చింది, ఇంత జరిగాక ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు. ఆవిడ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని, చాలాసేపు ఏదో రాసింది. మేస్త్రి తెర మీదకి ఒక కొత్త వాక్యం వచ్చి నిలబడింది. 'మూడేళ్ళు మూలన ఉన్న మిషనుని మళ్ళీ నడపాలంటే ముందు ఏం చెయ్యాలి?'

అయిదూ నలభై అయిదు. మేస్త్రి నోరు తెరిచాడు.

"ఇక్కడ చెప్పకండి," అంది ఆవిడ. "అక్కడే రాయండి. ఇంకెవరైనా వెతుక్కుంటారు."

ఆయన ఒంటి వేలితో రాశాడు. ముందు బెల్టు విప్పి, దుమ్ము తుడిచి, ప్రతి కదిలే చోటా రెండు చుక్కల నూనె వేసి, ఒక పూట వదిలేసి, తర్వాత చక్రం చేత్తోనే మెల్లిగా తిప్పి చూడండి, బిగుసుకుంటే బలవంతం చేయకండి. అందులో సముద్రం లేదు, ఆకాశం లేదు. రాయడం అయ్యాక పెద్దాయన దగ్గర్నించి ఒక ముక్క వచ్చింది: "చూశాను. ఇంకో ఏడాది."

మేస్త్రి ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు. అర్జీల పేజీకి తిరిగి వెళ్ళాడు. అందరికీ ఒక్కసారే తలుపు తీసే మీట కూడా అక్కడుంది, బావమరిది చూపించాడు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. అన్నిటికన్నా పాతది వెతికి, అందులో రెండు వాక్యాలూ పెదాలు కదుపుతూ చదివి, "రండి" అని పైకే అని, నొక్కాడు. తర్వాతది చదివాడు. "రండి బాబూ." మళ్ళీ నొక్కాడు.

"అయిదేళ్ళయింది బావా," అన్నాడు బావమరిది మెల్లిగా. "వాళ్ళెవరూ ఇప్పుడు రారు."

"రాకపోవచ్చు," అన్నాడు మేస్త్రి. తర్వాతి పేరు చదివాడు. "రండమ్మా. లోపలికి రండి."